వాచ్‌లో అన్నీ పచ్చగానే ఉన్నాయి.. మా తమ్ముడికి మాత్రం పరిగెత్తాలని లేదు!

రివ్యూకి వచ్చిన స్మార్ట్‌వాచ్‌ని నేను మామూలుగా హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగి టెస్ట్ చేస్తుంటాను. ఈసారి మాత్రం ఊరికి పట్టుకెళ్లాను. మా ఊరు జి.మాడుగుల. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు నుంచి చింతపల్లి వెళ్లే దారిలో ఉంటుంది. అరకు, లంబసింగి అంటే అందరికీ తెలుసు కానీ మా ఊరు చలి కూడా తక్కువేం కాదు. చలికాలం తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోతుంది. వాచ్‌కి ఇంతకంటే మంచి పరీక్ష ఏముంటుంది అనుకున్నా.

టెస్ట్ చేసింది నేను కాదు, మా పిన్ని కొడుకు. వయసు 22. ఆరో తరగతి నుంచి పరుగే పరుగు. హాస్టల్లో ఉన్నప్పుడు బెల్లు కొట్టకముందే లేచి గ్రౌండ్ చుట్టూ తిరిగేవాడు. వాడి చేతికి వాచ్ పెట్టి "మూడు వారాలు తీయకు, పడుకున్నప్పుడు కూడా" అని చెప్పి వచ్చేశాను.

మూడు వారాల తర్వాత డేటా చూస్తే కళ్లు తిరిగాయి. నిద్ర ఏడున్నర గంటలు. రెస్టింగ్ హార్ట్‌రేట్ 50 దగ్గర. హెచ్‌ఆర్‌వీ నిలకడగా ఉంది. రికవరీ స్కోరు రోజూ పచ్చరంగులోనే. నా చేతికి ఆ వాచ్ ఏనాడూ అంత మంచి మార్కులు వేయలేదు. వెంటనే ఫోన్ చేసి చెప్పాను.

"బాగుందన్నా. వాచ్ మంచిదే" అన్నాడు. కాసేపాగి, "కానీ నాకే పరిగెత్తాలని లేదన్నా. లెగుస్తన్నాను, బూట్లు ఏసుకుంటన్నాను, ఎల్తన్నాను. ఎందుకెల్తన్నానో తెల్డం లేదు" అన్నాడు.

ఈ ఆర్టికల్ ఆ వాచ్ రివ్యూ కాదు. అది వేరే రాస్తాను. వాచ్ పట్టుకోలేకపోయిన ఆ ఒక్క విషయం గురించే ఇది.

అలసట వేరు, బర్నవుట్ వేరు

మన ఐటీ వాళ్లు 'బర్నవుట్' అనే మాటని చాలా తేలిగ్గా వాడేస్తాం. రెండు రోజులు రిలీజ్ పని పడితే "బర్నవుట్ అయిపోయా మామా" అంటాం. అది అలసట. ఆదివారం పడుకుంటే పోతుంది.

క్రీడాకారుల బర్నవుట్ మీద అమెరికన్ పరిశోధకుడు థామస్ రేడెక్ 1997 నుంచి పనిచేశారు. ఆయన దీన్ని మూడు లక్షణాలుగా విడదీశారు. ఒకటి, ఒళ్లూ మనసూ రెండూ అలసిపోవడం. రెండు, ఎంత చేసినా ఏమీ సాధించట్లేదనిపించడం. మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. ఒకప్పుడు ప్రాణంగా చూసుకున్న ఆట మీద విలువే పోవడం. 'ఓడిపోతానేమో' అనే భయం కాదు, 'గెలిస్తే మాత్రం ఏంటి?' అనే నిర్లిప్తత.

సింపుల్‌గా చెప్పాలంటే తేడా ఇలా తెలుస్తుంది. ఒక వారం పూర్తిగా రెస్ట్ తీసుకున్నాక కాళ్లలో బలం, పరిగెత్తాలన్న కోరిక రెండూ తిరిగొస్తే అది అలసట. కాళ్లు రెడీగా ఉన్నా కోరిక రాకపోతే ఆలోచించాల్సిన విషయమే.

వాచ్ చూసేది కాళ్లనీ గుండెనీ. మణికట్టు దగ్గర పచ్చ లైటు చర్మంలోకి వేసి, రక్తం పారే తీరులో మార్పుని బట్టి గుండె కొట్టుకోవడాన్ని లెక్కపెడుతుంది. మిగతా స్కోర్లలో చాలా వరకు ఆ లెక్క మీద, కదలికల మీద కట్టినవే. కోరికకి సెన్సర్ లేదు. అందుకే మా వాడి వాచ్ అబద్ధం చెప్పలేదు. వాడి ఒళ్లు నిజంగానే బాగుంది.

గీత జరుగుతూ పోతే

మరి ఏమైంది? అది తెలియాలంటే ఏజెన్సీలో పరుగు అంటే ఏంటో తెలియాలి. మా దగ్గర పొద్దున్నే రోడ్డు మీద పరిగెత్తే కుర్రాళ్లలో ఎక్కువమంది మారథాన్ కోసం పరిగెత్తరు. కానిస్టేబుల్, అగ్నివీర్.. ఈ రెండు మాటలే వినిపిస్తాయి. కానిస్టేబుల్ ఈవెంట్లలో 1600 మీటర్లను మగవాళ్లు 8 నిమిషాల్లో పూర్తి చేయాలి. అర్హత వరకైతే మా వాడికి అదో లెక్క కాదు, 6 నిమిషాల లోపే వచ్చేస్తాడు. కానీ ఏపీఎస్పీ పోస్టులకి ఈవెంట్లకు కూడా మార్కులుంటాయి. అంటే ప్రతి సెకనూ విలువైనదే.

ఇప్పుడు తేదీలు చూడండి. ఏపీలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది 2022 నవంబర్‌లో. ప్రిలిమ్స్ 2023 జనవరి 22న జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబర్ 30న. మధ్యలో దాదాపు 23 నెలలు. తర్వాత 2025 జూన్ 1న మెయిన్స్, ఆగస్టులో ఫలితాలు.

స్పోర్ట్స్ ట్రైనింగ్ తెలిసిన ఎవరికైనా ఇక్కడ సమస్య అర్థమైపోతుంది. ఒంటిని పీక్‌కి తీసుకెళ్లడం అంటే ఒక తేదీని పెట్టుకుని వెనక్కి లెక్కేసుకోవడం. ముందు బేస్, తర్వాత స్పీడ్, చివరి రెండు వారాలు తగ్గించడం, ఆ రోజున కొట్టడం. తేదీ లేకపోతే ఈ ప్లాన్ ఏదీ పనిచేయదు. ఫోన్ బ్యాటరీని రెండేళ్లు 100 శాతం దగ్గరే ఛార్జింగ్‌లో ఉంచితే ఏమవుతుందో ఈ సైట్ చదివేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

మా వాడు ఆ 23 నెలలూ "వచ్చే నెలే అంట" అనే వాట్సాప్ మెసేజ్‌ల మీద బతికాడు. ప్రతి మెసేజ్‌కీ స్పీడ్ పెంచడం, ఆ నెల గడిచిపోతే మళ్లీ మొదలు. చివరికి ఈవెంట్లు దాటాడు. మెయిన్స్ రాశాడు. లిస్టులో పేరు రాలేదు.

ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. పిన్ని అయితే "పోనీలేరా, మళ్లీ పడద్ది కదా" అంది. మర్నాడు పొద్దున్న ఐదింటికి అలవాటుగా లేచి గ్రౌండ్‌కి వెళ్లాడట. "ఆ రోజు నుంచే అన్నా, ఇది నా పరుగు కాదనిపించింది" అన్నాడు నాతో.

ప్యాషన్ కూడా రెండు రకాలు

'ప్యాషన్ ఉంటే చాలు, అలసట అనేదే ఉండదు' అని మోటివేషన్ రీల్స్ చెబుతుంటాయి. కెనడా సైకాలజిస్ట్ రాబర్ట్ వల్లెరాండ్ బృందం 2003లో చెప్పింది వేరు. వాళ్ల లెక్కలో ప్యాషన్ రెండు రకాలు. మొదటి రకంలో ఆట మీ జీవితంలో ఒక భాగం. ఇష్టంగా చేస్తారు, ఆపాల్సి వచ్చినప్పుడు ఆపగలరు. రెండో రకంలో ఆటే మిమ్మల్ని నడుపుతుంది. ఆపితే తప్పు చేసినట్టు, మీ విలువే తగ్గిపోయినట్టు అనిపిస్తుంది. బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఇద్దరూ ఐదింటికే లేస్తారు. బర్నవుట్‌కి దగ్గరగా ఉండేది రెండోవాడే.

ఇంకో పాత ప్రయోగం చెప్తాను. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు, బొమ్మలు వేయడం బాగా ఇష్టపడే నర్సరీ పిల్లల్ని తీసుకున్నారు. కొంతమందికి 'బొమ్మ వేస్తే బహుమతి ఇస్తాం' అని ముందే చెప్పారు, మిగతావాళ్లకి చెప్పలేదు. కొన్నాళ్లకి చూస్తే, బహుమతి కోసం వేసిన పిల్లలు ఖాళీ సమయంలో బొమ్మల జోలికి వెళ్లడం తగ్గింది. బహుమతి చెడ్డదని కాదు. 'నాకు ఇష్టం కాబట్టి' అనే కారణం ఉన్న చోట 'అది ఇస్తారు కాబట్టి' అనే కారణం వచ్చి కూర్చుంది.

మా వాడి విషయంలో అదే జరిగింది. పరుగు ఇష్టంగా మొదలై ఉద్యోగానికి కట్టే ఫీజు అయింది. ఉద్యోగం రాలేదు, ఇష్టం కూడా మిగల్లేదు. ఉద్యోగం కోసం పరిగెత్తడం తప్పని నేను అనను. ఏసీ ఆఫీసులో కూర్చుని అలా అనే హక్కు నాకు లేదు. కొండ మీద కుర్రాడికి ఆ జీతం అంటే ఇంటి పైకప్పు, చెల్లి చదువు. కానీ పరుగుకి అది ఒక్కటే కారణంగా మిగిలితే, ఆ ఒక్కటీ జారిపోయిన రోజు పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

సింధు ఫోన్, జ్యోతి టైమింగ్

ఫోన్ల సైట్ కాబట్టి ఒక ఫోన్ కథ. 2016 రియో ఒలింపిక్స్‌లో పి.వి.సింధు వెండి పతకం గెలిచాక కోచ్ గోపీచంద్ ఒక సంగతి బయటపెట్టారు. ఆఖరి మూడు నెలలు సింధు దగ్గర ఫోన్ లేదు, ఇక తిరిగి ఇచ్చేస్తానని. అప్పుడు అందరం 'అబ్బ, ఏం క్రమశిక్షణ' అనుకున్నాం. నాకిప్పుడు అందులో ఇంకో పాయింట్ కనిపిస్తోంది. ఆ త్యాగానికి ఒక చివరి తేదీ ఉంది. ఒలింపిక్స్ అయిపోగానే ఫోన్ తిరిగొచ్చింది. ఎప్పుడు ముగుస్తుందో తెలిసిన కష్టాన్ని మనిషి మోయగలడు.

రెండో కథ మా పక్కదే. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి, 100 మీటర్ల హర్డిల్స్. 2020లో అంతర్ విశ్వవిద్యాలయాల పోటీల్లో 13.03 సెకన్లలో పరిగెత్తింది. 2002 నుంచి ఉన్న 13.38 జాతీయ రికార్డు కంటే బాగా వేగం. కానీ అక్కడ డోప్ పరీక్ష జరగలేదు కాబట్టి రికార్డుగా లెక్కలోకి రాలేదు. 2022 ఏప్రిల్‌లో ఫెడరేషన్ కప్‌లో మళ్లీ రికార్డు కంటే వేగంగా వచ్చింది. ఈసారి వెనక గాలి సెకనుకు 2.1 మీటర్లు. అనుమతి 2.0 వరకే. మళ్లీ చెల్లలేదు! అదే ఏడాది మే 10న సైప్రస్‌లో 13.23కి రికార్డు ఆమె సొంతమైంది. గమనించారా? రికార్డు పుస్తకంలోకి ఎక్కిన ఆ టైమింగ్, 2020లో లెక్కలోకి రాని దాని కంటే నిదానం.

ఆ తర్వాత 2023లో ఆసియా ఛాంపియన్, 2024లో పారిస్ ఒలింపిక్స్‌. ఈ రెండేళ్ల కథలో నాకు అర్థమైంది ఒకటే. నంబర్ చెల్లకపోయినా పరుగు జరిగింది. ఆ తేడా తెలిసినవాళ్లు మర్నాడు మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లగలరు.

మా జిల్లాకీ ఇప్పుడొక పేరుంది. 2025 నవంబర్‌లో కొలంబోలో భారత్ గెలిచిన తొలి అంధ మహిళల టీ20 ప్రపంచ కప్ జట్టులో అల్లూరి జిల్లా అమ్మాయి పాంగి కరుణ కుమారి ఉంది. ఇలాంటి గెలుపు చూస్తే మన్యంలో ఏ హాస్టల్ పిల్లలకైనా ఊపు వస్తుంది. ఊపు ఇవ్వడం సులువు. ఊపు వచ్చిన పిల్ల రెండేళ్ల తర్వాత ఎలా ఉందో చూసేవాళ్లు కావాలి.

మన వాచ్‌లు కూడా అమాయకమైనవేం కాదు

ఇక నా సంగతి. రెండేళ్ల కిందట నాకు ఫిట్‌నెస్ స్ట్రీక్ పిచ్చి పట్టింది. 200 రోజులు దాటింది. ఒక రిలీజ్ వారంలో జ్వరంతో ఉండి కూడా రాత్రి 11:40కి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, బైకుల మధ్య గుండ్రంగా పరిగెత్తాను. 12 లోపు రింగ్ పూర్తి కావాలి కదా! వాచ్‌మన్ తాత "ఏం పోగొట్టుకున్నావ్ బాబూ?" అని టార్చ్ వేసి వెతకడం మొదలుపెట్టాడు. ఏం చెప్పాలో తెలియలేదు. తర్వాత నాలుగు రోజులు మంచం దిగలేదు. స్ట్రీక్ పోయింది. విచిత్రంగా, దాంతోపాటే పరుగూ పోయింది. ఎనిమిది నెలలు బూట్లు ముట్టుకోలేదు.

డ్యూక్ యూనివర్సిటీకి చెందిన జోర్డాన్ ఎట్కిన్ 2016లో ప్రచురించిన పరిశోధన చదివాక నా మీద నాకు కోపం కాస్త తగ్గింది. ఇష్టంగా చేసే పనిని కొలవడం మొదలుపెడితే మనుషులు ఆ పని ఎక్కువ చేస్తారు, కానీ దాన్ని తక్కువ ఆస్వాదిస్తారని ఆమె ప్రయోగాల్లో తేలింది. కొలత వల్ల ఆట కాస్తా డ్యూటీలా అనిపిస్తుంది. నిద్రకీ ఇదే గతి. స్లీప్ స్కోరు గురించి దిగులుపడి నిద్ర పోగొట్టుకునేవాళ్లని చూసి 2017లో వైద్య పరిశోధకులు దానికి 'ఆర్థోసోమ్నియా' అని పేరే పెట్టారు.

కంపెనీలకీ ఇది ఆలస్యంగానే వెలిగింది. యాపిల్ వాచ్ 2015లో వచ్చింది. స్ట్రీక్ పోకుండా రింగ్స్‌ని పాజ్ చేసే ఆప్షన్ 2024లో వాచ్‌ఓఎస్ 11తో వచ్చింది. 'ఈ రోజు రెస్ట్' అని చెప్పుకోవడానికి ఒక బటన్ రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది!

మరి ఏం చేయాలి?

మీరు పరిగెత్తేవాళ్లైనా, ఆడేవాళ్లైనా, ఇంట్లో ఆడే తమ్ముడో చెల్లో ఉన్నా ఇవి పనికొస్తాయి. వీటిలో చాలావాటికి వాచ్ అక్కర్లేదు.

1. పొద్దున్న నాడి: నిద్ర లేచాక మంచం దిగకముందే మణికట్టు దగ్గర 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. మీ మామూలు సంఖ్య కంటే కొన్ని రోజుల పాటు బాగా ఎక్కువ ఉంటే ఒళ్లు కోలుకోలేదని అర్థం చేసుకోవచ్చు. జ్వరం వచ్చే ముందు కూడా పెరుగుతుంది.

2. కష్టం × నిమిషాలు: స్పోర్ట్స్ సైంటిస్ట్ కార్ల్ ఫోస్టర్ వాడుకలోకి తెచ్చిన పద్ధతి. ప్రాక్టీస్ అయ్యాక ఎంత కష్టంగా అనిపించిందో 10కి మార్కులు వేసి నిమిషాలతో గుణించండి. 45 నిమిషాలు, కష్టం 7 అయితే 315. వారం మొత్తం కూడండి. ఒక్కసారిగా ఎగబాకిన వారాల్ని గమనించండి. ఖర్చు ఒక నోట్‌బుక్, ఒక పెన్ను.

3. ఒక ప్రశ్న: అదే పేజీలో 'రేపు పరిగెత్తాలని ఉందా?' అని రాసి 5కి మార్కులు వేయండి. మా వాడి చేతికున్న వాచ్‌లో లేని సెన్సర్ ఇదే. వరసగా రెండు వారాలు 1, 2 పడుతుంటే ట్రైనింగ్ పెంచడం కాదు, కూర్చుని మాట్లాడడం అవసరం.

4. సెలవు కూడా ట్రైనింగే: పిల్లలు, టీనేజర్లకు వారంలో కనీసం ఒకటి రెండు రోజులు, ఏడాదిలో రెండు మూడు నెలలు తమ ఆట నుంచి విరామం ఉండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. వారానికి ట్రైనింగ్ గంటలు పిల్లల వయసు సంఖ్య దాటకూడదనేది మరో గుర్తు. అంటే 13 ఏళ్ల పిల్లకి వారానికి 13 గంటల లోపే.

5. రక్త పరీక్ష: అలసట అంతా మనసుదే అనుకోకండి. మన్యంలో రక్తహీనత, మలేరియా ఉన్నాయి. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ కూడా ఎక్కువ. దాని నిర్మూలనకి కేంద్రం 2023 జులైలో ప్రత్యేక మిషనే మొదలుపెట్టింది. కష్టపడి ట్రైనింగ్ చేసే పిల్లలకి హిమోగ్లోబిన్, సికిల్ సెల్ పరీక్షలు చేయించాకే 'బద్ధకం' అనే మాట వాడండి. తిండి చాలకపోయినా ఇదే నీరసం వస్తుంది.

6. వారంలో ఒక పరుగు వాచ్ లేకుండా: టైమింగ్ లేదు, దూరం లేదు, స్ట్రావాలో పోస్ట్ లేదు.

కొండల్లో వాచ్ వాడేవాళ్లకి ఒక మాట. చలికి చేతుల్లో రక్త ప్రసరణ తగ్గి మణికట్టు హార్ట్‌రేట్ తప్పుగా చూపించవచ్చు. పట్టీ కాస్త బిగించి, స్లీవ్ కింద ఉంచండి. లోయల్లో జీపీఎస్ సిగ్నల్ కొండలకి తగిలి దారి వంకరపోతుంది. డ్యూయల్ బ్యాండ్ ఉన్నవి కొంచెం నయం. ఎత్తుపల్లాల రోడ్డు మీద వచ్చే పేస్‌ని గ్రౌండ్ పేస్‌తో పోల్చుకుని దిగులుపడకండి.

చివరగా

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు వాచ్ తిరిగి తీసుకున్నాను. మర్నాడు పొద్దున్న నేనే వాణ్ని లేపాను. "టైమింగ్ లేదురా, ఊరికే పోదాం పద" అన్నాను. మంచులో కాఫీ తోటల పక్క రోడ్డు మీద మొదలుపెట్టాం. రెండో మలుపుకే నాకు ఆయాసం. వాడు వెనక్కి తిరిగి చూసి నవ్వి, నా కోసం నిదానించాడు. దారిలో వాగు దగ్గర ఆగి, చిన్నప్పుడు ఇక్కడిదాకా ఎవరు ముందొస్తే వాళ్లకి జామకాయ అని పందెం కట్టేవాళ్లమని గుర్తు చేశాడు. నేను మర్చిపోయాను. వాడు మర్చిపోలేదు.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. వచ్చే నోటిఫికేషన్‌కి దరఖాస్తు చేయాలా వద్దా అని వాడింకా తేల్చుకోలేదు. పిన్నికి ఇంకా చెప్పలేదు. ఒక మార్పు మాత్రం ఉంది. ఇప్పుడు వారంలో నాలుగు రోజులే వెళ్తున్నాడు. ఆదివారం హాస్టల్ పిల్లలు నలుగురు వెంట వస్తున్నారట. వాళ్లకి ఎంత టైమింగ్ వస్తోందని అడిగితే, "చూడట్లేదన్నా, ఆళ్లింకా చిన్నోళ్లు కదా" అన్నాడు.

మీలో చాలామంది కొత్త వాచ్ కొన్నాక పాతది ఇంట్లో తమ్ముడికో చెల్లికో ఇచ్చేస్తుంటారు. ఇవ్వండి, మంచిదే. వారం తర్వాత ఫోన్ చేసినప్పుడు మాత్రం స్కోరు ఎంతొచ్చిందని కాకుండా, పరిగెత్తాలనిపిస్తోందా అని అడగండి.